వీపు తిప్పిన మెరుపు మద్దిలేటి

కర్నూలు రాజధాని అయిందని నంద్యాలలో మేము కూడా ఛాతీ విరుచుకుని నడిచిన రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో బొమ్మల కథ ఒకటి చేతికి దొరికిందంటే ఇంట్లో పెండ్లి జరిగినంత సంబరం. మద్రాసు నుంచి వచ్చే పత్రికల్లో ఏదో ఒక మూల నాలుగు బొమ్మలుంటే వాటినే వారమంతా తిరగేసి మరగేసి చూసుకునేవాళ్ళం. అలాంటి ఊళ్ళో, రైల్వే స్టేషనుకు పోయే దారిలో, మా మేనమామకు ఒక చిన్న అచ్చాఫీసు ఉండేది. పెండ్లి పత్రికలు, సినిమా కరపత్రాలు, ఎద్దుల సంత నోటీసులు అచ్చేసే ఆ ఆఫీసులోనే 'మెరుపు మద్దిలేటి' పుట్టాడు. (ఊరంతా మా మామను ప్రెస్సు మామ అనే పిలిచేది. అసలైన మేనల్లుణ్ణి నేనే గనక, ఆ పిలుపు మీద నాకు కాస్త ఎక్కువ హక్కుందని అనుకునేవాణ్ణి.)

మద్దిలేటి ఎవరో చెప్పాలి. నల్లమలలో గొర్రెలు కాసే మనిషి. ఒక వానలో అతని మీద పిడుగు పడింది. చావలేదు సరికదా, ఒళ్ళంతా మెరుపు నిండింది. ఇక అక్కడి నుంచి ఒక కొండ మీద నుంచి ఇంకో కొండ మీదికి దూకడం, దొంగల బండ్లను ఒంటిచేత్తో ఆపడం, కుందేరు పొంగితే గట్టుకు అడ్డంగా పడుకుని ఊరిని కాపాడటం అతని నిత్యకృత్యం. భుజాల మీద నల్ల కంబళి, నడుముకు ఎర్ర లాగు, మొహంలో ఎప్పుడూ కోపం. ఆ మొహాన్ని చూస్తే దొంగలే కాదు, లెక్కలు చేయని పిల్లలు కూడా వణికేవాళ్ళు. కథా, బొమ్మలూ ఆళ్ళగడ్డలో ఉండే ఒక డ్రాయింగు సారువి. ఆయన బొమ్మలు పంపితే, వాటికి మద్రాసులో లోహపు అచ్చు బ్లాకులు చేయించి, మా మామ చిన్న పుస్తకాలుగా అచ్చేసేవాడు.

అయిదారు భాగాలు వచ్చాయి. చివరిగా వచ్చిన భాగంలో మద్దిలేటి ఒక గుహలోకి పోతాడు. పైనుంచి ఇల్లంత బండ ఊడి అతని మీదికి వస్తుంటుంది. చేతులు పైకెత్తి నిలబడి ఉంటాడు. కింద 'సశేషం' అని ఉంటుంది. అంతే. ఆ సశేషం తర్వాత శేషం రాలేదు. నెలలు గడిచాయి, ఏండ్లు గడిచాయి. బళ్ళో మేము రెండు పార్టీలుగా చీలిపోయాం. బండను పిండి చేశాడని ఒక పార్టీ, పక్కకు దూకాడని ఇంకొకటి. చచ్చిపోయి ఉంటాడని ఒకడు అంటే వాణ్ణి వారం రోజులు ఆటలోకి రానివ్వలేదు.

నేను బొమ్మలు బాగా వేస్తానని మా అమ్మ అనుకునేది, నేను కూడా అనుకునేవాణ్ణి. ఇంటరు తప్పిన తర్వాత ఇక వేరే దారి లేక మా మామ అచ్చాఫీసులో చేరాను. అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. ఒకనాడు మా మామ నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. (అంతకు ముందు ఆ ఆఫీసులో నాకు కుర్చీ దొరకలేదు. అప్పుడే అనుమానపడాల్సింది.)

"ఒరేయ్ అల్లుడా, మద్దిలేటిని మళ్ళా మొదులుపెడతాండాం. కొత్తగా, మొదటి భాగం అని ఏసి. బొమ్మలు నువ్వే గీస్తాండావు."

నాకు కుర్చీలో ఉన్నానో గాల్లో ఉన్నానో తెలియలేదు.

"మరి డ్రాయింగు సారు?"

"ఆయన గీయడం మానేసినాడు. మర్యాదకు ఒక మాట జెప్పల్ల గదా. నువ్వు పోయి చెప్పిరా."

"నువ్వు రావా మామా?"

"నాకు యాడ కుదురుతాదిరా? సంత నోటీసులుండాయి" అంటూ మామ అక్కడ లేని నోటీసుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

మరునాడు పొద్దున్నే తలకు నూనె రాసుకుని, మా నాయన పెండ్లినాటి కోటు తొడుక్కుని బస్సెక్కాను. ఎండాకాలంలో కోటెందుకని మీరు అడగవచ్చు. చిత్రకారులు కోటు వేసుకుంటారని ఎక్కడో చూశాను. శిరివెళ్ళ దాటేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. దారి పొడవునా సారుతో ఏం మాట్లాడాలో మనసులో వల్లె వేసుకున్నాను. ఆయన నా వీపు తట్టి, 'నీ వంటి వారసుడు దొరికాడు' అంటారని, నేను వినయంగా తల దించుకుంటానని, అంతా ముందే నిర్ణయమైపోయింది.

ఆళ్ళగడ్డలో శిల్పుల వీధి వెనక ఒక మట్టి మిద్దె. వీధంతా రాళ్ళు చెక్కే ఉలుల చప్పుడు. సారు ఇంటి కిటికీలు మాత్రం ఆ ఎండలోనూ మూసి ఉన్నాయి. లోపల సారు మంచం మీద కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి, నాలుగు రోజుల గడ్డం. పక్కన ఆయన తల్లి, బాగా ముసలావిడ, చాటలో జొన్నలు చెరుగుతూ ఉంది.

నేను నిలబడే మొదలుపెట్టాను. నంద్యాల నుంచి వచ్చానని, మద్దిలేటికి మళ్ళీ ప్రాణం పోస్తున్నామని, మొదటి భాగం మొదటి బొమ్మ నా బుర్రలో సిద్ధంగా ఉందని చెప్పాను. సారు ఏమీ అనకపోయేసరికి వినడానికి ఆసక్తిగా ఉన్నారనుకున్నాను.

"ఆ బండ మీద పడుతుంది గదా సార్, అక్కడి నుంచే ఎత్తుకుంటాను. పడుతుంది, అందరూ చచ్చాడనుకుంటారు, అప్పుడు లోపలి నుంచి ఒక్క గుద్దు! బండ పిండి పిండి! మద్దిలేటి లేచి ఒళ్ళు దులుపుకుంటాడు!" అంటూ, గుద్దు ఎలా ఉంటుందో చూపించడానికి కోటు చేయి పైకి లాగి గాల్లో ఒక గుద్దు గుద్దాను కూడా.

చాటలో జొన్నల చప్పుడు ఆగిపోయింది. సారు నా చేతి వైపు చూశారు. ఆ చూపు నాకు ఈనాటికీ గుర్తుంది. కోపం కాదు. ఎక్కడో చాలా దూరంలో ఉన్న దాన్ని చూస్తున్నట్టు చూశారు. తర్వాత లేచి లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నారు. నా గుద్దు ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని ఎలా కిందికి దించాలో నాకు తెలియలేదు.

"కూచో నాయనా" అంది అవ్వ. ముంతలో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మీ మామ నీకేమీ చెప్పలేదా?"

"లేదవ్వా."

"నాకు ఇంగొక కొడుకు ఉన్న్యాడు. చిన్నోడు. బేతంచెర్ల బండల గనిలో పని. మంచి ఒడ్డూపొడుగూ. ఆ మద్దిలేటి మొగము వానిదే. పెద్దోడు వాన్ని ముందర నిలబెట్టుకోనే గీసేటోడు. ఆ బండ పడే బొమ్మ ఉంది జూడు, అది గీసి పంపిన నెలకే, గనిలో బండ పడి వాడు పాయ."

మజ్జిగ ముంతను కింద పెట్టేశాను.

"నేను గీసినందుకే పాయ అంటాడు పెద్దోడు. ఆపొద్దు నుంచి పెన్సిలు ముట్టల్యా. బడిలో గూడా పిల్లోళ్ళతో గీయిస్తాడు గానీ తాను గీయడు. ఎదురుగా ఉలి సప్పుడు ఇనబడితే కిటికీ ఏసేస్తాడు. ఈ ఊర్ల కిటికీ ఏస్తే సప్పుడు ఆగుతాదా?"

నేను లేచి వెళ్ళబోతుంటే మూసిన తలుపు వెనక నుంచి సారు గొంతు వినిపించింది. "గీసుకోండి. బండ వద్దు. మా తమ్ముని మొగము గూడా వద్దు."

తిరుగు బస్సులో కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక చచ్చిన మనిషి అన్న ముందు, తల్లి ముందు నిలబడి బండను పిండి చేసి వచ్చాను. అచ్చాఫీసులో అడుగుపెట్టగానే మామ మీద విరుచుకుపడ్డాను. ముందే చెప్పి ఉంటే నాలుక కోసుకునేవాణ్ణి గదా అని అరిచాను. ఎప్పుడూ పెద్ద గొంతుతో మాట్లాడే మామ, ఆ రోజు నేల చూస్తూ అన్నాడు:

"రెండు సార్లు ఆళ్ళగడ్డ దాకా పోయినానురా. బస్సు దిగి, ఆ ఈది మొగదాల నుంచే ఎనక్కొచ్చినా. వాని శవాన్ని బండి మీద ఏసుకొచ్చిన పొద్దు నేనాడనే ఉండా. తెలిసినోడు ఆ మాట ఎత్తలేడు. నీకైతే తెలీదు గదా అని పంపిస్తి. తప్పే."

అయినా వెనక్కి పోయే దారి లేదు. 'మెరుపు మద్దిలేటి మళ్ళీ వస్తున్నాడు' అని సినిమా కరపత్రాల వెనక అచ్చేసి ఊరంతా పంచేశాడు మా మామ. పిల్లలు రోజూ అచ్చాఫీసు గుమ్మం దగ్గరికి వచ్చి, "వచ్చినాడా?" అని అడిగి పోతున్నారు. సరే, బండ జోలికి పోకుండా కథను మొట్టమొదటి నుంచి, పిడుగు దగ్గర నుంచే ఎత్తుకుందామని నిర్ణయించుకున్నాం. ఇక మొహం. కొత్త మొహం ఒకటి గీయడం ఎంత పని అనుకున్నాను. గీశాను. మా తహసీల్దారు లాగా వచ్చింది. ఇంకోటి గీశాను. మా మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మీసాలు పెడితే అచ్చం నేనే గదరా" అని, ఆ ఆలోచన బాగానే ఉందన్నట్టు అద్దం వైపు చూసుకున్నాడు. దాన్ని వెంటనే చించేశాను. ఇంకా ఎన్ని గీసినా, పాత పుస్తకాలు చదివిన గుమ్మం దగ్గరి పిల్లలకు చూపిస్తే వాళ్ళ జవాబు ఒకటే. "ఈయప్ప మద్దిలేటి కాదు."

నిజమే. మద్దిలేటి మొహం ఒక్కటే. అది గీయకూడదు. చివరికి ఒక పొద్దున, దిక్కుతోచక, అతన్ని వెనక నుంచి గీశాను. నల్ల కంబళి, వెడల్పాటి వీపు, చేతులు చాచి ఉరిమే ఆకాశం వైపు నడిచిపోతున్న మనిషి. పిల్లలు తలలు దగ్గర పెట్టి చూశారు. "మద్దిలేటే!" అన్నారు. అంతే, పుస్తకం మొత్తం వీపే. పిడుగు పడినప్పుడు వీపు. దొంగను ఎత్తినప్పుడు వీపు. (దొంగ మొహం మాత్రం ప్రతి బొమ్మలోనూ స్పష్టంగా కనబడేది. చివరికి పిల్లలకు దొంగ మీదే ప్రేమ పుడుతుందేమోనని భయపడ్డాను.) వీపు నమూనాకు మా అచ్చు మిషను తొక్కే అన్నను చొక్కా విప్పి నిలబెట్టాను. "ఒరే అబ్బీ, మా ఇంటామె చూస్తే నా వీపని గుర్తుబట్టేస్తాదిరా, ఊర్లో తలెత్తుకోలేను" అని ఆయన గోల.

అచ్చు సంగతి వేరే కథ. ముందు నలుపు వేసి, ఆరిన తర్వాత ఎరుపు వేయాలి. ఆ ఎరుపు ఎంత సర్దినా నిలవాల్సిన చోట నిలవలేదు. లాగు ఒక పుటలో మోకాళ్ళ మీద, ఇంకో పుటలో పక్కనున్న చెట్టు మీద పడింది. నేను తల పట్టుకుని కూర్చుంటే మామ ఓదార్చాడు. "ఏందిరా బాధ? మద్దిలేటి మెరుపు లెక్క పోతాండాడు. లాగు అంత బేగా పోలేక ఎనకబడింది అనుకుంటారు."

అలా మొదటి భాగం బయటికి వచ్చింది. వారం తిరక్కుండా ఊళ్ళో అతని పేరు మారిపోయింది. పిల్లలు 'వీపు మద్దిలేటి' అనేశారు. కొందరైతే మొహం ఉందేమోనని పుటను వెనక్కి తిప్పి చూసేవాళ్ళు.

మరి సారుకు ఒక ప్రతిని ఎవరివ్వాలి? మామ మళ్ళీ నోటీసులు వెతకడం మొదలుపెట్టాడు. నేనే వెళ్ళాను. ఈసారి కోటు లేదు, వల్లె వేసుకున్న మాటలు కూడా లేవు. సారు నా చేతిలోంచి పుస్తకం తీసుకోలేదు. అవ్వ తీసుకుంది. గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో పుటా తిప్పింది. చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఏం నాయనా, మావోడు అలిగినాడా? ఈ తట్టుకు తిరగడేం?"

"సారు మొహం వద్దన్నారవ్వా."

"అయితే ఈ ఈపు ఎవురిది? మావోనిది కాదు."

"మా మిషను అన్నది" అన్నాను సిగ్గుతో.

"అదే జూస్తాండా. మావోనికి ఎడమ బుజము కిందికి ఉంటాది. సిన్నప్పుడు మిద్దె మీంచి పడినాడు గదా. పెద్దోడా, నీకు గుర్తుండాదా?"

సారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నాతో కాదు, గోడతోనే అన్నట్టు అన్నారు. "నేను గీసిందే అయిందమ్మా. నేను గీయకుంటే వాడు ఉండేటోడు."

అవ్వ పుస్తకం మూసింది. ఆ ముసలి గొంతులో అంత బిరుసు ఉంటుందని నేను అనుకోలేదు.

"బండ పడింది నువ్వు గీసినందుకు కాదురా. బండను లాగే మోకు తెగినందుకు. పాతబడిన మోకు. పది మంది జూసినారు, నాకు జెప్పినారు. నీకు గూడా జెప్పినారు, నువ్వు ఇనల్యా. నీ పెన్సిలుకు అంత మహిమ ఉంటే, ఏదీ, ఈడ కూచోని నా మోకాళ్ళ నొప్పులు పోయినట్టు గీయి, జూస్తాం. వానలు పడినట్టు గీయి. మూడేండ్ల నుంచి సేను ఎండిపోతాంది."

నవ్వాలో ఏడవాలో తెలియని మాటలవి. నవ్వు రావడం తప్పని తెలుసు, అయినా వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు గోడ వైపు తిరిగి ఉన్న సారు భుజాలు కదిలాయి. నవ్వుతున్నారనుకున్నాను. ఆయన ఏడుస్తున్నారు. అన్నేండ్లలో అదే మొదటిసారి అని అవ్వ తర్వాత చెప్పింది. ఆమె లేచి దగ్గరికి పోలేదు, ఓదార్చలేదు. నన్ను కదలొద్దని సైగ చేసి, అట్లాగే కూర్చుంది. వీధిలో ఉలులు టకటకా మోగుతూనే ఉన్నాయి.

చాలాసేపటికి సారు పైపంచెతో మొహం తుడుచుకుని ఇటు తిరిగారు. పుస్తకం కోసం చెయ్యి చాచారు. ఒక్కో బొమ్మా చూశారు. చెట్టు మీది లాగు దగ్గర ఆగి, నా వైపు చూసి, "ఇదేంది?" అన్నారు.

"మెరుపు వేగం సార్" అన్నాను మామ మాటే అరువు తీసుకుని.

"పెన్సిలుందా?" అని మాత్రం అడిగారు. ఇచ్చాను. మొదటి బొమ్మలోనే ఎడమ భుజం కిందికి ఒక చిన్న గీత లాగారు. ఒకటే గీత. మిషను అన్న మాయమైపోయాడు. అక్కడ ఒక కొత్త మనిషి నిలబడ్డాడు, నేను ఎప్పుడూ చూడని మనిషి, వీపు చూస్తేనే పిలవాలనిపించే మనిషి.

"అంతేనా?" అంది అవ్వ. "మొగము?"

"నా చేత కాదమ్మా."

"అవుతాది. కానీ ఈసారి ఆ కోపం మొగం పెట్టొద్దు. వాడు యానాడైనా కోపంగా ఉన్న్యాడా? బల్లిని జూస్తే మంచమెక్కేటోడు. అన్నం ముందర, పని కాడ, యాడైనా నవ్వే. నువ్వే వాన్ని ముందర నిలబెట్టి, నవ్వొద్దురా, నవ్వొద్దురా అని గదిరించి గీస్తివి. నవ్వుతా ఉండేటట్టు గీయి. నేను సచ్చేలోపల ఒకపారి జూసుకోవాల్ల."

నన్ను వాకిట్లో కూర్చోబెట్టి అవ్వ జొన్నరొట్టె, శెనక్కాయల పొడి పెట్టింది. నేను తింటున్నంతసేపూ లోపల కాగితం మీద పెన్సిలు చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది. మధ్యలో ఒకసారి కాగితం నలిపేసిన చప్పుడు. బస్సు వేళయిందని లేవబోతే సారు బయటికి వచ్చి ఒక కాగితం చేతికిచ్చారు. మద్దిలేటి ఇటు తిరిగి ఉన్నాడు. ఒక పక్క పన్ను కొంచెం విరిగి ఉంది. నవ్వుతున్నాడు. అవ్వ ఆ కాగితాన్ని ఇంకెవరికీ ఇవ్వనట్టు రెండు చేతులతో పట్టుకుని చూసి, కాసేపటికి, "పుస్తకములో ఏసి నాకొకటి పంపు" అని నాకే తిరిగిచ్చింది.

రెండో భాగం అట్ట మీద ఆ నవ్వే వేశాం. నిజం చెప్పాలంటే పిల్లలకు అంతగా నచ్చలేదు. దొంగల్ని నవ్వుతూ కొట్టేవాడు ఏం వీరుడని పెదవి విరిచారు. ఇంకో రెండు భాగాలు నడిచి పుస్తకం ఆగిపోయింది. అవ్వ రెండో భాగాన్ని చూసుకుంది. మూడోది వచ్చేసరికి ఆమె లేదు. సారు మాత్రం బళ్ళో మళ్ళీ నల్లబల్ల మీద స్వయంగా గీయడం మొదలుపెట్టారని విన్నాను. కిటికీ సంగతి నాకు తెలియదు.

ఆ రోజు తిరుగు బస్సులో కాగితం నలగకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం దానంతటదే నవ్వుతోంది. పక్కన కోళ్ళ గంప పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి చాలాసేపు నన్నే గమనించి, ఇక ఉండలేక మోచేత్తో పొడిచాడు.

"ఏందప్పా, ఒక్కనివే నగుకుంటాండావు? పెండ్లి కుదిరినాదా?"

జరిగింది చెప్పడం నా వల్ల కాలేదు. "కుదిరిందన్నా" అన్నాను.

ఆయన నిజంగా సంతోషపడ్డాడు. పిల్లది ఏ ఊరని అడిగాడు. ఆళ్ళగడ్డ అన్నాను. మంచి సంబంధమన్నాడు, పెద్దల్ని బాగా చూసుకోమన్నాడు, దిగేటప్పుడు గంపలోంచి రెండు కోడిగుడ్లు తీసి నా చేతుల్లో పెట్టాడు. ఒక చేతిలో బొమ్మ, ఇంకో చేతిలో గుడ్లు. బస్సు గతుకుల్లో ఎగురుతోంది, రెంటిలో ఏది నలిగినా పాపమే. లేని పెండ్లికూతురి కోసం గుడ్లను, లేని మనిషి కోసం బొమ్మను కాపాడుకుంటూ, నంద్యాల దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే, ఇప్పటికీ పక్కన కూర్చుని ఒక చెయ్యి సాయం పట్టాలనిపిస్తుంది.